మైకులో అన్న మాట

ఎండలు ముదిరాయంటే ఊరందరికీ విసుగు, మా ఇంటికి చేతినిండా పని. మా ఆయన ఏసీ మెకానిక్. ఆ రోజుల్లో ఆయన ఇల్లు చేరేసరికి చొక్కా జేబులో స్క్రూలు, జుట్టునిండా బూజు, నోట్లో ఒకటే మాట: “కాసిన్ని మంచినీళ్లు.” అలాంటి మనిషిని పట్టుకుని, సరిగ్గా ఆ ఎండల్లోనే, మా చర్చి పాస్టరుగారు అడిగారు, దంపతుల కూడికలో మీ జంట మాట్లాడాలి అని.

“నేను మాట్లాడితే గ్యాస్ లీకు గురించే మాట్లాడతానండీ,” అన్నాడు మా ఆయన. “ఆవిణ్ణి మాట్లాడమనండి. నేను పక్కన నిలబడతాను.”

అయ్యగారు నవ్వారు. పాస్టరుగార్ని మేమంతా అయ్యగారనే అంటాం. “మీరిద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, అదే ప్రసంగం,” అన్నారు. ఇరవై ఏళ్ల కాపురంలో మేం గొంతెత్తి అరుచుకున్నది వీధిలో ఎవరూ వినలేదు. కొత్తగా పెళ్లైన పిల్లల్ని మా ఇంటికి పంపేవాళ్లు, చూసి నేర్చుకోండని. వాళ్లు వచ్చేవాళ్లు, మా అమ్మ పెట్టిన టీ తాగేవాళ్లు, నేర్చుకోవడానికేమీ కనపడక వెళ్లిపోయేవాళ్లు.

ఒప్పుకున్నాను.

అప్పటికి మేం నలుగురం స్నేహితులం. నేను, నర్సు, టీచరు, చిన్నది. నర్సూ నేనూ చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీ. టీచరు పెళ్లై ఈ ఊరొచ్చాక మాతో కలిసింది. చిన్నది మాకన్నా పదిహేనేళ్లు చిన్న, సండే స్కూల్లో దానికి పాటలు నేర్పింది నేనే. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురం మా వంటగదిలో చేరేవాళ్లం. అక్కడ మేం మాట్లాడుకోని సంగతి లేదు. పెళ్లి గురించి నా మనసులో ఉన్నది కూడా అక్కడ చాలాసార్లే అన్నాను. టీచరు పడీపడీ నవ్వేది.

“వంటింట్లో అన్నావు, సరిపోయింది. మైకులో మాత్రం అనకే తల్లీ, నీకు దణ్ణం పెడతా,” అనేది.

నేను కళ్లద్దాల షాపులో పని చేస్తాను. కూడికకి ఇంకా కొన్ని రోజులుందనగా ఓ మధ్యాహ్నం చిన్నది వచ్చింది. షాపులో ఎవరూ లేరు. ఓనరుగారు లోపల కునుకు తీస్తున్నారు. కళ్లద్దాలు రుమాల్లో చుట్టి తెచ్చింది. ఎడమ చెవి మీదికొచ్చే కాడ ఊడిపోయి ఉంది. ఆ ఎండాకాలంలో అది ఊడడం అదే మొదటిసారి కాదు.

“దీని మీద కూచున్నానక్కా.”

“కూచుంటే మధ్యలో విరుగుతుంది. ఇది పక్కనుంచి తగిలిన దెబ్బ.”

“నువ్వు కళ్లద్దాలమ్మేదానివా, పోలీసువా?” అని నవ్వింది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఆ చేతి వెనకనుంచి దాని నవ్వు ఎక్కిళ్లలా వస్తుంది. చెయ్యి తీశాక చూస్తే చెంప మీద పౌడరు ఒకవైపే మందంగా ఉంది.

దాని మొగుడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. కీబోర్డాయన పాట ఎత్తుకున్నాడంటే ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఎదురుపడితే వంగి వందనం చెప్పకుండా పోడు. అతని మీద ఎవరైనా ఒక మాటంటే చర్చి గోడలు కూడా నమ్మవు.

“మా ఇంటికొచ్చెయ్,” అన్నాను.

“వచ్చి ఏం చెయ్యను? అయ్యగారికి చెప్పాను, మోకాళ్ల మీద ప్రార్థనలో కనిపెట్టమన్నారు. టీచరక్కకి చెప్పాను, అతనికి కోపమొచ్చేలా నువ్వేం చేస్తున్నావో చూసుకో అంది.”

“నర్సుకి?”

“ఆవిడకి నేనేం చెప్పలేదు. ఆవిడే ఆయింట్‌మెంటు పంపింది.” కాసేపు కౌంటరు మీద గీతలు గీసింది వేలితో. “దేవుడు కలిపినదాన్ని నేనెలా తెంచుతానక్కా?”

కాడ బిగించి ఇచ్చాను. పెట్టుకుని, అద్దంలో చూసుకుని, “కొత్తదానిలాగే ఉంది,” అంది.

కూడిక రోజు హాలు నిండిపోయింది. మా ఆయన బిగించిన ఏసీలు చల్లగా ఊదుతున్నాయి. ముందు నవ్వించాను. ఈయన జేబుల్లో స్క్రూలు ఉతుకులో దొరికినప్పుడల్లా నేను దాచి ఉంటే ఈపాటికి ఒక ఫ్యాను తయారయ్యేదని చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్లలో చిన్నది లేదు. మొగుడి పక్కన, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఆ కళ్లద్దాలే పెట్టుకుంది.

అప్పుడు అన్నాను. “దేవుడు జత చేసినవాళ్లని మనిషి విడదీయకూడదని చెప్పుకుంటాం. నేనూ నమ్ముతాను. కానీ మనం ఈ హాల్లో జత చేసిన ప్రతి జంటనీ దేవుడే జత చేశాడని మనకెవరు చెప్పారు? ప్రమాణం ఇద్దరిది. ఒకడు చెయ్యెత్తిన రోజునే అది విరిగిపోయింది. తర్వాత గడప దాటిన ఆడది దేన్నీ విడగొట్టలేదు. విరిగినదాంట్లోంచి బయటికొచ్చింది, అంతే. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే అది పాపమని నేననుకోను. ఆ పెళ్లికి నేను వెళ్తాను. ముందు వరసలో కూచుంటాను.”

ఎవరూ లేవలేదు, ఎవరూ అరవలేదు. అయ్యగారి భార్య గ్లాసులో నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టబోయి మళ్లీ తాగింది. కీబోర్డాయన మాత్రం నా వైపే చూస్తూ, నెమ్మదిగా, మర్యాదగా తల ఊపాడు. అర్థమైంది అన్నట్టు.

అయ్యగారు మైకు అందుకుని, “మన సహోదరి ఎండలకి అలిసిపోయినట్టున్నారు,” అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వారు. కీబోర్డాయన లేచి వెళ్లి పాట ఎత్తుకున్నాడు. అందరి గొంతులూ మామూలుకన్నా గట్టిగా పలికాయి.

ఇంటికొచ్చాక మా ఆయన చాలాసేపు బూట్లు విప్పకుండా కూచున్నాడు.

“తప్పు మాట్లాడానా?” అన్నాను.

“తప్పని కాదు.” బూటు లేసు లాగాడు, అది ముడిపడింది. “నేనింతకాలం ఒకటి అనుకుంటూ వచ్చాను. ఏమైనా, మన పెళ్లి కదలదు, దానికో నట్టు బిగించేసి ఉంది అని. నువ్వేమో, నట్టు లేదు, రోజూ మనమే పట్టుకుని నిలబడ్డాం అంటున్నావు.”

“అవును. రోజూ నేనే ఉండాలనుకుని ఉన్నాను. అది గొప్ప కాదా?”

“గొప్పేమో. నాకు మాత్రం భయమేసింది.”

ఆయన కాళ్ల దగ్గర కూచున్నాను. ముడి విప్పి పెట్టాను.

మర్నాడు సాయంత్రం నర్సూ టీచరూ వచ్చారు. వంటగదిలోకి రాలేదు. ముందు గదిలో, చుట్టాల్లాగా, కుర్చీల అంచున కూచున్నారు. అమ్మ టీ పెట్టి తెచ్చింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

టీచరు మొదలెట్టింది. “ఒంట్లో బాగాలేదని చెప్పు. రెండు మాటలు. నలుగురిలో చెప్తే అయిపోతుంది. అయ్యగారు కూడా దాన్ని పెద్దది చెయ్యదలుచుకోలేదు.”

“ఒంట్లో బాగానే ఉంది.”

“నా కూతురు అక్కడే కూచుని ఉందే! దానికి సంబంధం కుదిరింది. రాత్రి అడిగింది, అమ్మా, నచ్చకపోతే వచ్చెయ్యొచ్చా అని. ఏం చెప్పమంటావు నన్ను?”

“కొడితే వచ్చెయ్యమని చెప్పు.”

“నీకేం, బంగారం లాంటి మొగుడు దొరికాడు. ఒడ్డున కూచున్నవాళ్లకి ఈత పాఠాలు చెప్పడం తేలిక.” టీచరు లేచింది. “నువ్వు చెప్పవే, నీ చిన్ననాటి నేస్తం కదా!”

నర్సు అప్పటిదాకా గోడ వైపే చూస్తోంది. దాని పెళ్లికి నేనే పూలు గుచ్చాను. దాని మొగుడి సంగతి నాకు తెలుసని దానికి తెలుసు. ఇన్నేళ్లలో ఆ ఊసు మేమిద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పొడుగు చేతుల జాకెట్టు వేసుకొస్తే, ఇవాళ చలిగా ఉంది కదూ అనేదాన్ని. ఊ అనేది.

“నువ్వు చెప్పింది నిజమే అనుకో,” అంది నర్సు. గొంతు చాలా మామూలుగా ఉంది. “అప్పుడు నేనెందుకు ఉన్నట్టు? దేవుడు ఉండమన్నాడని ఉన్నాను. ఉండక్కర్లేదని నువ్వు ఇప్పుడు చెప్తున్నావు, మైకులో, నాకు యాభై దగ్గరపడ్డాక. ఆ ఏళ్లన్నీ ఎక్కడ పెట్టుకోమంటావే?”

చెయ్యి పట్టుకోబోయాను. ఇవ్వలేదు.

“మా అమ్మకి ఇంజెక్షన్లు...” అన్నాను, ఏమనాలో తెలీక. అమ్మకి అప్పటికే జబ్బు ముదురుతోంది. రెండు రోజులకోసారి నర్సే వచ్చి ఇంజెక్షను చేసి వెళ్లేది.

“ఇంకెవర్నైనా చూసుకో,” అంది.

వాళ్లు వెళ్లాక అమ్మ ఆ రెండు కప్పుల టీ సింకులో పారబోసింది.

ఆ తర్వాత జరిగినవి ఒక్కొక్కటీ చెప్పుకుంటే చీమంత. ఆదివారం నేనెప్పుడూ కూచునే కుర్చీలో టీచరు హ్యాండ్‌బ్యాగు పెట్టింది. ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. “లేదు,” అంది, బ్యాగు తియ్యలేదు. పాటల బృందంలో నా చోటు ఇంకొకామెకిచ్చారు. నేను పాడేటప్పుడు వేసుకునే తెల్ల గౌను ఆమెకి పొడుగైతే అంచు మడిచి కుట్టుకుంది. ఆడవాళ్ల ఫోను గ్రూపులోంచి నన్ను తీసేశారు. చర్చిలో ఏసీ ఒకటి ఆగిపోతే ఇంకో మెకానిక్‌ని పిలిపించారు. అతనికి విషయం తెలీక మా ఆయనకే ఫోను చేసి, “అన్నా, ఇది మీరు బిగించిందే కదా, కెపాసిటరు ఎక్కడ పెట్టారు?” అని అడిగాడు. మా ఆయన చెప్పాడు. ఓపిగ్గా, ఏ స్క్రూ తర్వాత ఏ స్క్రూ విప్పాలో కూడా చెప్పాడు. ఫోను పెట్టేసి, “వాళ్లకి చెమటలు పట్టనివ్వాల్సింది,” అన్నాడు. అదొక్కటే ఆయన నోటినుంచి వచ్చిన చెడ్డ మాట.

నా గురించి ఇంకో కథ కూడా పుట్టింది. కళ్లద్దాల షాపు ఓనరుతో నాకేదో ఉందని, మొగుణ్ణి వదలడానికే బైబిలు వాక్యాన్ని వంకర తిప్పానని. ఓనరుగారికి డెబ్బై దాటాయి, నా పేరే సగం సార్లు గుర్తుండదు. ఆయనకెవరో చెప్పారు. “నిజంగానా అమ్మా?” అన్నారు, కాస్త ఆశగా. ఆ ఎండాకాలంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడొక్కసారే.

రొట్టె, ద్రాక్షరసం పంచే ఆదివారం వచ్చింది. పళ్లెం పట్టుకుని వరసలో వస్తున్నది టీచరు భర్త, సంఘపెద్ద. నా దగ్గరికొచ్చేసరికి పళ్లెం పైకి లేచింది. నా తల మీదుగా పక్కనున్న మా అమ్మ ముందుకు దిగింది. అమ్మ పళ్లెంలోకి చూసింది. ఆయన మొహంలోకి చూసింది. ఆమె ఎప్పుడూ, జ్వరంలో కూడా, ఆ ముక్క వదిలిన మనిషి కాదు. పళ్లేన్ని రెండు వేళ్లతో మెల్లగా పక్కకి నెట్టి, చేతులు ముడుచుకుని కూచుంది.

అన్నిటికన్నా నాకు నొప్పి కలిగించింది మాత్రం ఒక చిన్న వాయిస్ మెసేజ్. ఎవరో పొరపాటునో కావాలనో నాకు పంపారు. అందులో టీచరు నా గొంతు అనుకరిస్తోంది. టీచరుకి అది బాగా వచ్చు, మా వంటగదిలో అందర్నీ చేసి నవ్వించేది. “ఆ పెళ్లికి నేను వెళ్తానూ... ముందు వరసలో కూచుంటానూ...” చుట్టూ నవ్వులు. ఆ నవ్వుల్లో ఒకటి ఎక్కిళ్లలా వస్తోంది. చేతి వెనకనుంచి.

చిన్నదాన్ని బస్సు స్టాపు దగ్గర పట్టుకున్నాను. “నువ్వు కూడానా?” అన్నాను.

“నవ్వకపోతే ఏమవుతుందో నీకు తెలుసా?” అంది. రెండు పక్కలా చూసింది. “నువ్వు మైకులో అన్న రోజు ఇంటికెళ్లాక అడిగాడు, దానికి చెప్పింది నువ్వేనా అని. పొద్దున దాకా అడిగాడు. నేను నిన్ను మాట్లాడమన్నానా? నన్ను అడిగావా? నీ ధైర్యం నీ ఇంట్లో బాగుంటుందక్కా. అది నా ఇంటికొచ్చేసరికి...”

బస్సొచ్చింది. ఎక్కేసింది. దాని మాటలో అబద్ధం లేదు. బస్సు వెళ్లాక కూడా నేను స్టాపులోనే నిలబడి ఉన్నాను. నేను పేరెత్తలేదు, ఎవరి వైపూ వేలు చూపించలేదు. కానీ చూపు మాత్రం దాని వైపు పోకుండా ఆపుకోలేకపోయానేమో. ఇప్పటికీ తెలీదు.

ఎండలు తగ్గుముఖం పట్టే రోజుల్లో అమ్మ పూర్తిగా మంచాన పడింది. ఇంజెక్షన్లకి ఒక కాంపౌండరు వచ్చేవాడు, చెయ్యి మొరటు. అమ్మ మోచేతులు రెండూ కమిలిపోయాయి. ఒకరోజు నర్సు మా వీధిలో ఎదురింటికి వచ్చి వెళ్లడం కిటికీలోంచి కనపడింది. మా గుమ్మం ముందు దాని అడుగులు నెమ్మదించలేదు.

అయ్యగారు మాత్రం వచ్చారు. మెత్తగా, మంచం పక్కన కూచుని ప్రార్థన చేశారు. లేచేముందు అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు.

“అమ్మా, చర్చి సమాధుల స్థలంలో మీ ఆయనగారి పక్కన మీకు చోటుంది. మీ కోసమే ఉంచాం. సంఘపెద్దలు కొంచెం బాధపడుతున్నారు, మీ అమ్మాయి మాటకి. ఆమె వచ్చే ఆదివారం నిలబడి, తొందరపడ్డాను అని ఒక్క మాటంటే చాలు. ఆ మాట రాకపోతే... నా చేతుల్లో ఉండదు.”

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన చూపులో ఏముందో నాకు తెలుసు: ఒక్క మాటే కదా, ముసలావిడ కోసం అనెయ్. నిజం చెప్పాలంటే నా నోటిదాకా వచ్చింది కూడా. అమ్మ ఆదివారం ఆదివారం నాన్న సమాధి కడిగి వచ్చేది. ఆ రాయి పక్కన ఖాళీ ఉన్న చోటు చూపించి, ఇది నాది అని చెప్పేది. ఆ చోటు పోగొట్టడానికి నేనెవర్ని?

“అంటాను, అయ్యగా...” అని మొదలెట్టాను.

“నువ్వుండవే,” అంది అమ్మ.

గొంతు పీలగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. “అయ్యగారూ, ఆయన పక్కన నేను నలభై ఏళ్లు పడుకున్నాను. అది ఎలాంటి పడకో మీకు తెలీదు. ఎవరికీ చెప్పలేదు లెండి. ఇంక చాలు. నన్ను ఎక్కడైనా ఒంటరిగా పెట్టండి, కాళ్లు చాపుకుని పడుకుంటాను.”

అయ్యగారు ఆమె చెయ్యి వదిలేశారు. వదిలాక ఆ చేతిని ఏం చెయ్యాలో తెలీనట్టు ఒళ్లో పెట్టుకున్నారు.

మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. నాకు తెలిసిన నాన్న మెల్లగా మాట్లాడేవాడు, నాకు పెన్సిళ్లు చెక్కి ఇచ్చేవాడు. ఆయన పోయాక అమ్మ పెద్ద మంచం మీద అడ్డంగా పడుకోవడం మొదలెట్టింది. దుఃఖానికి అలా చేస్తోందనుకున్నాను. తర్వాత ఎంత అడిగినా అమ్మ ఇంకేం చెప్పలేదు. “చెప్పి ఏం లాభం? నీకు ఆయన మంచి తండ్రి. అది నీకు ఉండనీ,” అంది.

ఆ వారం దాటకుండానే పోయింది.

మున్సిపాలిటీ శ్మశానం బస్సు డిపో వెనక, ఊరి చివర. బండి చర్చి మీదుగానే వెళ్లాలి. కిటికీలు తీసి ఉన్నాయి, లోపల పాటల సాధన జరుగుతోంది. బండి సిగ్నలు దగ్గర ఆగింది. కిటికీలోంచి టీచరు కనపడింది, నర్సు కనపడింది, వాళ్లకీ మేం కనపడ్డాం. నర్సు నోరు ఒక్క క్షణం ఆగింది. పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. మళ్లీ కదిలింది. ఎవరింట్లో చావైనా మొట్టమొదట వెళ్లి పాడే గొంతులవి. మా అమ్మ వాళ్లకి ఎన్ని కప్పుల టీ పోసిందో!

గొయ్యి దగ్గర మేం ఉన్నది గుప్పెడు మందిమి. మా ఆయన తమ్ముడూ తోడికోడలూ, ఓనరుగారు, తవ్వే ఇద్దరు. ప్రార్థన చెయ్యడానికి ఎవరూ లేరు. మా ఆయన జీవితంలో పైకి ప్రార్థన చేసిన మనిషి కాదు. టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

“ప్రభువా, ఈవిడ మా అత్తయ్య. నీకు తెలుసు. అలిసిపోయింది. ఎవర్నీ పక్కకి రానివ్వకు.” ఆగాడు. “ఆమెన్.”

తిరిగి వస్తుంటే నా పక్కనే నడిచాడు. “నాకు తెలీకుండా నా వల్ల నీకేదైనా అలాంటిది ఉంటే ఇప్పుడే చెప్పెయ్. మంచం మీద అడ్డంగా పడుకునేదాకా దాచకు,” అన్నాడు.

“లేదు,” అన్నాను.

“ఉంటే చెప్తావుగా?”

“చెప్తాను. వెళ్లిపోతాను కూడా.”

“సరే,” అన్నాడు. కాస్త దూరం వెళ్లాక మళ్లీ, “సరే,” అన్నాడు. ఆ తర్వాత ఆయన చర్చికి వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు. ఆదివారాలు ఇంట్లో చాలా పొడుగ్గా ఉండేవి.

వానలు మొదలయ్యాయి. షాపులో జనం పలచబడ్డారు. ఒక ఉదయం గొడుగు దులుపుకుంటూ నర్సు లోపలికొచ్చింది. చేతిలో కళ్ల డాక్టరు రాసిన చీటీ. మందు సీసాల మీద అక్షరాలు ఆనడం లేదట. ఓనరుగారి కోసం చూసింది. ఆయన లేరు. వెళ్లిపోతుందనుకున్నాను, కూచుంది.

రెండు కళ్ల మధ్య దూరం కొలవాలంటే మొహంలో మొహం పెట్టాలి. స్కేలు దాని ముక్కు మీద ఆనించాను. “నా కళ్లలోకి చూడు,” అన్నాను. ఎవరితోనైనా అనే మాటే. చూసింది. కళ్ల చుట్టూ నలుపు ఇంకా ముదిరింది.

“చిన్నది మా వార్డులో ఉంది,” అంది, కదలకుండా. “దవడ విరిగింది. తీగలతో కట్టారు. మెట్ల మీద పడ్డానని చెప్పింది. మేం కూడా అదే రాశాం.”

స్కేలు తీసి కౌంటరు మీద పెట్టాను.

“బట్టలు సర్దుకుందట. పెట్టె మంచం కింద పెట్టింది. అతను చూశాడు.” నర్సు లేచి గొడుగు చేతికి తగిలించుకుంది. “నువ్వు నోరు మూసుకుని ఉంటే ఆ పిల్ల ఇవాళ నమిలి తినేది. వెళ్లిపోవచ్చని దాని బుర్రలో పెట్టింది నువ్వే.”

“పెట్టె సర్దిందా?” అన్నాను.

“నీకు వినపడింది అదొక్కటేనా?” అంది నర్సు. అంత అసహ్యంగా నన్నెవరూ ఎప్పుడూ చూడలేదు. “అక్కడికి మాత్రం రాకు. నీ పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది. అతనెప్పుడూ పక్కనే ఉంటున్నాడు. సాయంత్రం టీకి కిందికెళ్లినప్పుడు తప్ప కదలడు.”

గుమ్మం దాటి వానలోకి వెళ్లింది. రావద్దన్న మనిషి అతను ఎప్పుడు కదులుతాడో నాకెందుకు చెప్పిందో, చెప్పానని తనకైనా తెలుసో లేదో!

సాయంత్రం వెళ్లాను. వార్డు తలుపు దగ్గర నర్సే ఉంది. నన్ను చూసింది. మందుల ట్రేలోకి తల వంచుకుంది. నేను పక్కనుంచి వెళ్లాను.

చిన్నది కిటికీ పక్క మంచం మీద ఉంది. మొహం వాచి, ఆ మొహం ఎవరిదో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. నన్ను చూడగానే దాని కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత వాటినిండా నీళ్లొచ్చాయి. ఏడుపో కోపమో తెలియలేదు, తెలుసుకుందామంటే దానికి మాట లేదు. దుప్పటి పైకి లాక్కుని తల మీదుగా కప్పేసుకుంది.

స్టూలు మీద కూచున్నాను. ఏం చెప్పాలి? క్షమించమనా? సర్దడం మంచి పనే చేశావనా? ఏదీ ఆ దుప్పటికి చెప్పే మాటలా లేదు. వాన కిటికీ మీద కొడుతోంది. పక్క మంచం ఆమె ఎవరమ్మా నువ్వు అని అడిగింది. సండే స్కూలు టీచర్నని చెప్పాను.

కాసేపటికి బూట్ల చప్పుడు. కీబోర్డాయన, చేతిలో ఫ్లాస్కు. నన్ను చూసి ఆగాడు. చిరునవ్వు నవ్వాడు, వంగి, ఎప్పట్లాగే.

“వందనాలక్కా. మీరు రావడం చాలా సంతోషం. ఇంక మీరు వెళ్లండి, నేనున్నానుగా.”

నర్సు తలుపు దగ్గర్నుంచి గట్టిగా అంది, “విజిటర్లు బయటికెళ్లాలి. టైమైంది.” నాకేసి చూడకుండా అంది.

దుప్పటి ఊపిరికి లేస్తోంది, పడుతోంది. వేగంగా.

నేను లేవలేదు. స్టూలు మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకున్నాను.